ఎవరు చూడొచ్చారు!

న్యూయార్క్ పత్రిక ఒకటి తన ఆదివారం సంచికకు ముఖచిత్రంగా ఒకసారి స్వేచ్ఛామూర్తి విగ్రహం ఫొటో వేసింది. రోజూ చూసే ఫొటో కాదు. హెలికాప్టర్‌లోంచి, విగ్రహం నడినెత్తి కనిపించేలా తీసిన ఫొటో. అది చూసి ఆస్కార్ హ్యామర్‌స్టైన్ అనే పాటల రచయిత అలాగే ఉండిపోయాడు. కిరీటం వెనక జుట్టు పాయపాయకీ శ్రద్ధగా దువ్వినట్టు చెక్కి ఉంది. ఆ విగ్రహం నిలబడింది 1886లో. అప్పటికి విమానమన్నదే లేదు. తన బొమ్మ నడినెత్తిని సముద్రపు పక్షులు తప్ప మరెవరూ చూడబోరని శిల్పి బార్తోల్డీ అనుకునే ఉంటాడు. అయినా ముఖానికి ఎంత పని పెట్టాడో తలకీ అంతే పెట్టాడు. 1949లో తన పాటల పుస్తకానికి ముందుమాట రాస్తూ హ్యామర్‌స్టైన్ ఈ ముచ్చట చెప్పాడు. ఏ పని చేసినా అలా చేయాలి, ఎప్పుడు ఏ హెలికాప్టర్ వచ్చి మన బండారం బయటపెడుతుందో తెలియదు అన్నాడు.

మనకు బాగా అలవాటైన మాట ఒకటుంది: “ఎవరు చూడొచ్చారు?” గోడ వెనక సున్నం సరిగ్గా అంటకపోయినా, చొక్కా లోపలి కుట్టు వంకర పోయినా అదే మాట. ఆ మాటతో బతికినన్నాళ్ళూ పోట్లాడినవాడు స్టీఫెన్ సోండ్‌హైమ్. హ్యామర్‌స్టైన్ శిష్యుడు. బ్రాడ్‌వే రంగస్థలం మీద పాటకు మాటా బాణీ రెండూ తానే కట్టుకున్న అరుదైన మనిషి. కథ ఇతరులు రాసేవారు. పాత్ర నోరు విప్పి పాడటం మొదలుపెట్టిన క్షణం నుంచి అంతా ఆయన పూచీ.

1930 మార్చి 22న న్యూయార్క్‌లో పుట్టాడు. ఇంట్లో ఆడవాళ్ళ దుస్తుల వ్యాపారం. తల్లి డిజైన్లు గీసేది, తండ్రి కుట్టించి అమ్మేవాడు. పిల్లవాడికి పదేళ్ళప్పుడు తండ్రి వేరే పెళ్ళికని ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఆ కోపం తల్లి కొడుకు మీద తీర్చుకుంది. చాలా ఏళ్ళ తర్వాత, గుండె ఆపరేషన్‌కు వెళ్ళబోతూ కొడుక్కి ఒక ఉత్తరం పంపింది. జీవితంలో తన ఏకైక విచారం నిన్ను కనడమే అని అందులో రాసింది. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పాడు. ఒక మనిషికి అంతకంటే చల్లని మాట మరొకటి అందుతుందని నేననుకోను.

అయితే ఆ తల్లి వల్ల ఒక మేలు జరిగింది. విడాకుల తర్వాత ఆమె పెన్సిల్వేనియాలో డోయిల్స్‌టౌన్ దగ్గర ఇల్లు తీసుకుంది. హ్యామర్‌స్టైన్ కుటుంబం ఉండేది ఆ చుట్టుపక్కలే. వాళ్ళబ్బాయి జిమ్మీ ఇంచుమించు స్టీఫెన్ ఈడువాడు. ఆడుకోవడానికి వెళ్ళిన పిల్లవాడు ఆ ఇంటికే అతుక్కుపోయాడు. హ్యామర్‌స్టైన్ అప్పుడే రిచర్డ్ రోడ్జర్స్‌తో కలిసి ‘ఓక్లహోమా!’తో బ్రాడ్‌వే దారినే మళ్ళిస్తున్న మనిషి. కానీ పిల్లవాడికి కావలసింది పాటల రచయిత కాదు, తండ్రి. ఆయన భూగర్భ శాస్త్రవేత్త అయ్యుంటే నేనూ రాళ్ళు పరిశీలిస్తూ ఉండేవాణ్ణి అని సోండ్‌హైమ్ చాలాసార్లు అన్నాడు.

పదిహేనేళ్ళ వయసులో బడిలో స్నేహితులతో కలిసి ‘బై జార్జ్’ అని ఒక సంగీత నాటకం రాశాడు. అది ఆ బడి గురించే. రాసి, నేరుగా హ్యామర్‌స్టైన్ దగ్గరకు పట్టుకెళ్ళాడు. నన్ను ఎరగనట్టే చదవండి, మీ బల్ల మీదకు ఎవరో పంపిన రాతప్రతి అనుకుని చదవండి అని కోరాడు. మర్నాడు పిలుపొచ్చింది. నిజంగా నిన్ను ఎరగనట్టే చెప్పమంటావా అని ఆయన అడిగాడు, అవునంటే, అలాగైతే ఇంత ఘోరమైనది నా చేతికి ఎప్పుడూ రాలేదు అన్నాడు. కుర్రాడి పెదవి వణికి ఉంటుంది. వెంటనే రెండో మాట వచ్చింది: నీలో ప్రతిభ లేదనలేదు, ఇది బాగాలేదన్నాను, ఎందుకు బాగాలేదో కావాలంటే చెబుతాను.

ఆ మధ్యాహ్నమంతా చెప్పాడు. మొదటి పేజీలో మొదటి రంగస్థల సూచన నుంచి మొదలుపెట్టి ఒక్కో వాక్యమూ, ఒక్కో పాటా విప్పి చూపించాడు. పాత్రను ఎలా నిలబెట్టాలి, పాట ఎక్కడ రావాలి, అయ్యేసరికి కథ ఎంత ముందుకు జరిగి ఉండాలి, పాట కూడా చిన్న నాటకంలా మొదలై, నడిచి, ముగియాలనడం ఎందుకు. చాలామంది జన్మంతా నేర్చుకునేదానికంటే నేను ఆ ఒక్క పూటలో ఎక్కువ నేర్చుకున్నాను అని సోండ్‌హైమ్ ముసలితనంలో కూడా చెప్పేవాడు. నన్ను కదిలించేది పాఠం కంటే ఆ పెద్దాయన తీరిక. బ్రాడ్‌వేలో ఊపిరి సలపని రోజుల్లో, పొరుగింటి కుర్రాడి పనికిరాని నాటకాన్ని పెద్దవాళ్ళ రాతతో సమానంగా పట్టుకుని కూర్చున్నాడు. బాగుందిరా అబ్బాయి అని వీపు తట్టి పంపేస్తే ఎవరు చూడొచ్చారు?

తర్వాత నాలుగు పనులు అప్పజెప్పాడు. నీకు నచ్చిన నాటకం ఒకటి తీసుకుని సంగీత నాటకంగా మార్చు. తర్వాత, నచ్చినా ఏదో లోపముందని నీకనిపించే నాటకం తీసుకో. తర్వాత, అసలు నాటకమే కాని కథ తీసుకో. ఆఖర్న సొంతంగా ఒకటి రాయి. ఈ నాలుగూ ముగిసేసరికి సోండ్‌హైమ్ కాలేజీ దాటేశాడు. వాటిలో ఏదీ బ్రాడ్‌వే మెట్లెక్కలేదు. ఎక్కడం కోసం రాసినవీ కావు.

ఆ తర్వాత తలుపు తెరుచుకుంది, కానీ ఆయన కోరుకున్న తలుపు కాదు. సంగీతం లియొనార్డ్ బెర్న్‌స్టైన్ చేస్తున్నాడు, నువ్వు మాటలు మాత్రం రాయి అన్నారు. ఇష్టం లేదు. పెద్దవాళ్ళ దగ్గర పని నేర్చుకుంటావు, వెళ్ళు అని గురువు తోశాడు. 1957లో బ్రాడ్‌వే ఎక్కిన ఆ నాటకమే ‘వెస్ట్ సైడ్ స్టోరీ’. సోండ్‌హైమ్‌కు అప్పుడు 27 ఏళ్ళు. రోమియో జూలియట్ల కథను న్యూయార్క్ వీధి కుర్రాళ్ళ ముఠాలకు తెచ్చిన ఆ నాటకం పాటలు లోకమంతా పాడింది. ఆయన మాత్రం అందులో ఒక పాట వినాల్సొచ్చినప్పుడల్లా సిగ్గుపడేవాడు.

ఆ పాట పాడేది మరియా. ప్యూర్టోరికో నుంచి ఈమధ్యే వచ్చిన పిల్ల, పెళ్ళిబట్టల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. ప్రేమలో పడిన సంతోషంలో తనెంత అందంగా ఉందో పాడుకుంటుంది. యువకవి తన ప్రాసల విద్య అంతా అక్కడ కుమ్మరించాడు. పాదాంతంలోనే కాదు, పాదం మధ్యలోనూ ప్రాసలు గజ్జెల్లా మోగుతాయి. మొదటి ఆటకు ముందు జరిగిన పూర్తి రిహార్సల్‌కు షెల్డన్ హార్నిక్ వచ్చాడు. తర్వాత ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’ పాటలు రాసింది ఆయనే. ఇంగ్లిష్ ఇంకా నోట నలగని పిల్ల ఇలా మాట్లాడుతుందా అన్న సందేహం ఆయన బయటపెట్టాడు. సోండ్‌హైమ్ వెంటనే వెళ్ళి సాదాగా మరో పాఠం రాసుకొచ్చాడు. తక్కిన బృందం ఒప్పుకోలేదు, పాతదే బాగుందన్నారు. చప్పట్లు మారుమోగాయి. అరవై ఏళ్ళు మోగుతూనే ఉన్నాయి. ఆయన మాత్రం ఆ పాటలో మరియా లేదు, తన తెలివి చూపించుకునే కుర్రకవి ఉన్నాడు అని చెబుతూనే వచ్చాడు. ప్రాస కుదిరిందంటే పాత్ర ఆలోచించి మాట్లాడినట్టు లెక్క, చదువూ చమత్కారమూ లేని పాత్రకు అంత ప్రాస పెట్టడం అబద్ధమాడటమే అన్నది ఆయన వాదం.

ఇక్కడ నేనొక మాట చెప్పుకోవాలి. నేను పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. తిరునాళ్ళలో ‘శ్రీకృష్ణ రాయబారం’ కడితే పడకసీను కోసం జనం చాపలేసుకుని కూర్చునేవారు. పద్యం ఒక నిమిషం, రాగం అయిదు నిమిషాలు. హార్మోనియం మీద చెయ్యి వెంటపడుతుంటే కృష్ణుడు గొంతు పైకి తీసుకెళ్ళి నిలబెట్టేవాడు. వన్స్‌మోర్ పడితే మళ్ళీ మొదటి నుంచి. ఆ రుచి నాకింకా పోలేదు, పోవాలనీ లేదు. కానీ ఆ అయిదు నిమిషాలూ మన ముందున్నది కృష్ణుడు కాదు, కృష్ణుడి వేషం కట్టిన గొప్ప గాయకుడు. కథ అతని కోసం చేతులు కట్టుకుని ఆగుతుంది. సోండ్‌హైమ్ నాటకంలో కథ ఎవరి కోసమూ ఆగదు. పాడుతున్నంతసేపూ పాత్ర ఏదో ఒక నిర్ణయానికి వస్తూనే ఉంటుంది, లేదా ఒక నిర్ణయం నుంచి పారిపోతూ ఉంటుంది. ఆయన పాటలు నోట ఆడవని, హాలు బయటికొచ్చాక కూనిరాగం తీయడానికి ఏమీ మిగలదని విమర్శకులు దశాబ్దాలపాటు గోల పెట్టారు. మొదటిసారి వింటే నాకూ అలాగే అనిపించింది. నాలుగోసారి విన్నప్పుడు ఆ పాత్రే మనసులో పాడుతుంది. అది వేరే రకం గుర్తు.

ఎలా రాసేవాడో ఆయన దాచుకోలేదు. ముందు నాటకకర్తను పట్టుకుని రోజుల తరబడి ప్రశ్నలు వేసేవాడు. ఈమె ఇక్కడ ఎందుకు పాడాలి? మాటల్లో చెప్పేస్తే పోయేదేముంది? ఆ తర్వాత ఇంట్లో సోఫా మీద పడుకుని, పసుపు కాగితాల ప్యాడ్ మీద, బ్లాక్‌వింగ్ పెన్సిల్‌తో మొదలుపెట్టేవాడు. ఆ పెన్సిల్ ములుకు మెత్తన, త్వరగా అరిగిపోతుంది, మాటిమాటికీ చెక్కుకోవాలి. చెక్కుకునే వంకతో పని తప్పించుకోవచ్చు అనేవాడు. వాటి తయారీ ఆగిపోయేనాటికి పెట్టెలకొద్దీ కొనిపెట్టుకున్నాడు. పక్కన క్లెమెంట్ వుడ్ ప్రాసల నిఘంటువు. దాంట్లో మాటలు నిలువు వరసలో ఉంటాయి కనుక కన్ను ఏదీ దాటిపోదని ఆయనకు అదే ఇష్టం.

ఆ పనితనం అరచేతిలో పెట్టుకుని చూడాలంటే ‘ఎ లిటిల్ నైట్ మ్యూజిక్’లోని ‘సెండ్ ఇన్ ది క్లౌన్స్’ చూడాలి. 1973 నాటి నాటకం, మాతృక ఇంగ్మార్ బెర్గ్‌మన్ సినిమా. డెజిరే నడివయసు నటి. ఒకప్పటి ప్రియుడు ఫ్రెడ్రిక్ ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ పిల్లను పెళ్ళాడి ఉన్నాడు. ఇన్నేళ్ళకు డెజిరే తనంతట తాను, కలిసి ఉందామా అని అడుగుతుంది. అతను ఆ పిల్లను వదలలేనంటాడు. ఆ సన్నివేశంలో పాట మగవాడిదే అని సోండ్‌హైమ్ అనుకున్నాడు. డెజిరే వేషం కట్టిన గ్లినిస్ జాన్స్ గొప్ప నటి, గొంతులో చిత్రమైన తీయదనం ఉంది, కానీ దమ్ము లేదు. స్వరం పట్టి నిలబెట్టలేదు. దర్శకుడు హాల్ ప్రిన్స్ రిహార్సల్స్‌లో ఆ సన్నివేశాన్ని మలిచిన తీరు చూశాక బరువంతా ఆమె మీదికి ఒరిగిందని ఇద్దరికీ అర్థమైంది. సోండ్‌హైమ్ ఇంటికెళ్ళి ఒకటి రెండు రోజుల్లో పాట పూర్తిచేశాడు.

మరొకరైతే ఆమె గొంతు తక్కువను వాద్యాల హోరు కింద దాచేవారు. ఈయన ఆ తక్కువలోంచే పాట తీశాడు. దమ్ము చాలదు కనుక పొట్టి పొట్టి వాక్యాలు. పొట్టి వాక్యాలు సహజంగా ప్రశ్నలవుతాయి కనుక పాటంతా ప్రశ్నలు. అవమానం దిగమింగుకుంటున్న ఆడమనిషి నోట ఆ సమయంలో వచ్చేవి ప్రశ్నలే కదా. ఇంకా లోపలికి వెళ్దాం. మనది అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, అందుకే మన గాయకుడు పాదం చివర ఎంతసేపైనా రాగం సాగదీయగలడు. ఇంగ్లిష్ మాటల్లో చాలామటుకు హల్లుతో మూసుకుంటాయి. తలుపు వేసినట్టు. సోండ్‌హైమ్ ఆమె పట్టి నిలపాల్సిన చోటల్లా హల్లుతో ముగిసే మాటలు ఏరి పెట్టాడు. నోరు దానంతటదే మూసుకుంటుంది, ఊపిరి అయిపోయిందని ఎవరికీ తెలియదు. తెలిసినా అది డెజిరే గుండె పట్టేసినట్టే ఉంటుంది. ఇంతా చేసి చూస్తే ఆ పాటలో ఒక్క వాక్యమూ తెలివిగా కనిపించదు. పదహారేళ్ళ క్రితం మరియాకు చేసిన తప్పు ఇక్కడ దిద్దుకున్నాడని నాకనిపిస్తుంది.

ఆ క్లౌన్లు సర్కస్ బఫూన్లని చాలామంది అనుకున్నారు. కాదు, ఆట రక్తి కట్టకపోతే హాస్యగాళ్ళను పంపండి అని నాటకాలవాళ్ళు అనుకునే మాట అది, డెజిరే నటి కనుక అలా అంది, అంతే అని ఆయన ఓపిగ్గా చెబుతూ వచ్చాడు. జూడీ కాలిన్స్ పాడాక అది నాటకం దాటి లోకంలోకి వెళ్ళింది. 1976లో గ్రామీ పురస్కారాల్లో ఆ ఏటి పాటగా నిలిచింది. నిండైన గొంతులు ఎన్నో దాన్ని పాడాయి. అయినా దమ్ము లేని గ్లినిస్ జాన్స్ పాడిందే నాకు అసలు పాట.

1970 నుంచి 1979 వరకు హాల్ ప్రిన్స్‌తో కలిసి చేసిన పని గురించి ఒక పుస్తకమే రాయొచ్చు. పెళ్ళంటే బెదిరే ముప్పయ్యయిదేళ్ళ బ్రహ్మచారితో ‘కంపెనీ’. కూల్చబోయే థియేటర్లో ఒకప్పటి నాట్యగత్తెలు ఒక రాత్రి కలుసుకునే ‘ఫాలీస్’. అమెరికా ఓడలు జపాన్ తీరానికి రావడాన్ని జపాన్ కళ్ళతో చూసే ‘పసిఫిక్ ఓవర్చర్స్’. గొంతులు కోసే మంగలి కథ ‘స్వీనీ టాడ్’. ఒకదానికొకటి పోలిక లేదు. పాట రూపాన్ని విషయమే నిర్ణయించాలన్నది ఆయన నియమం, అందుకే ప్రతిసారీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చేది.

1981లో దెబ్బ తగిలింది. ‘మెరిలీ వీ రోల్ అలాంగ్’ ముగ్గురు స్నేహితుల కథ, చివరి నుంచి మొదటికి నడుస్తుంది. డబ్బూ పేరూ సంపాదించి ఒకరికొకరు దూరమైన నడివయసులో మొదలై, మేడ మీద నిలబడి కలలు కన్న కుర్రతనంలో ముగుస్తుంది. వేషాలు కట్టింది ఇరవై ఏళ్ళ అటూ ఇటూ పిల్లలు. ప్రివ్యూల్లోనే ప్రేక్షకులు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. నవంబరు 16న మొదలై, 16 ఆటలతో నవంబరు 28న మూతపడింది. ఆ మర్నాడే ఆ పిల్లలంతా స్టూడియోకు వెళ్ళి, ఆగిపోయిన నాటకం పాటలు రికార్డు చేశారు. ప్రిన్స్‌తో జోడీ అక్కడితో విడిపోయింది, మళ్ళీ కలవడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. సోండ్‌హైమ్ నాటకాలు మానేద్దామనుకున్నాడు. యాభై ఒకటో ఏట, అన్ని విజయాల తర్వాత. కానీ పాటలు మాత్రం రికార్డులో బతికాయి. వాటిని విని పెరిగినవాళ్ళు ఆ నాటకాన్ని పదే పదే బాగుచేస్తూ వచ్చారు. 2023లో అది మళ్ళీ బ్రాడ్‌వే ఎక్కింది, 2024లో ఉత్తమ పునఃప్రదర్శనగా టోనీ పురస్కారం గెలిచింది. అది చూడటానికి రాసినవాడు లేడు.

మానేద్దామనుకున్నవాణ్ణి తిరిగి లాగినది జేమ్స్ లపైన్ అనే యువ నాటకకర్త. ఇద్దరూ ఒక బొమ్మ ముందు కూర్చున్నారు. జార్జ్ సెరా 1884లో మొదలుపెట్టి రెండేళ్ళు గీసిన చిత్రం. సెన్ నదిలో గ్రాండ్ జాట్ ద్వీపం మీద ఆదివారం పూట జనం షికారు. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు, అంతా చుక్కలే. దగ్గరికెళ్తే చుక్కలు, వెనక్కి తగ్గితే చెట్లు, గొడుగులు, కుక్క, కోతి. ఇంతమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకోరేం అని ఇద్దరూ తర్కించుకున్నారు. ఇందులో లేనివాడు ఒకడున్నాడు, గీసినవాడు అన్నాడు లపైన్. నాటకం అక్కడ పుట్టింది.

1984లో బ్రాడ్‌వేకు వచ్చిన ‘సండే ఇన్ ది పార్క్ విత్ జార్జ్’ మొదటి అంకంలో చిత్రకారుడు రంగు చుక్కలు పెడుతుంటాడు, సంగీతం కూడా చుక్కలు చుక్కలుగా పడుతుంది. అతని ప్రేయసి పేరు డాట్, అంటే చుక్కే. బొమ్మ ముగించాలని ఆమెతో విహారానికి వెళ్ళడు, ఆమె దూరమవుతుంది. అంకం చివర ద్వీపం మీద జనం కేకలేసుకుంటూ, తోసుకుంటూ ఉంటారు. చిత్రకారుడు వాళ్ళ మధ్యకు నడిచి, ఒకరిని రెండడుగులు జరిపి, ఒకరి తల తిప్పి, ఒక చెట్టును అటు నెడతాడు. గొడవ సద్దుమణుగుతుంది. అందరూ కలిసి ‘సండే’ అనే పాట అందుకుంటారు. పాట ముగిసేసరికి మన కళ్ళ ముందు సెరా చిత్రం నిలబడి ఉంటుంది. 1985లో ఈ నాటకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. సోండ్‌హైమ్ రాసినవాటిలో ఒక్కటే మిగల్చమంటే నేను దీన్నే మిగుల్చుతాను. పని కోసం ప్రేమను పోగొట్టుకోవడం ఒప్పా తప్పా అన్నది అది తేల్చదు. పోగొట్టుకున్నదాన్నీ చూపిస్తుంది, మిగిలినదాన్నీ చూపిస్తుంది.

పేరు పెద్దదైన కొద్దీ ఆయన ఇంకొక పని చాటుగా చేస్తూ పోయాడు. ఉత్తరాలు. నాటకం రాశానని, పాట కట్టానని ఎవరు పంపినా చదివి జవాబు టైపు చేసి పంపేవాడు. పొగడ్త కంటే తప్పులే ఎక్కువ ఉండేవి, ఎందుకు తప్పో కూడా ఉండేది. ఒక హోటల్లో సర్వరుగా పనిచేస్తూ పాటలు రాసుకునే జొనాథన్ లార్సన్‌కు ఆయన ఏళ్ళ తరబడి దారి చూపాడు, సిఫారసు ఉత్తరాలు రాశాడు. లార్సన్ రాసిన ‘రెంట్’ బ్రాడ్‌వేను ఊపేసింది. కానీ మొదటి ప్రివ్యూ జరగాల్సిన రోజే, 1996 జనవరి 25న, లార్సన్ 35 ఏళ్ళకే కన్నుమూశాడు. ‘హామిల్టన్’ నాటకం రాస్తున్న రోజుల్లో లిన్ మాన్యుయెల్ మిరాండా తన పాటల చిత్తుప్రతులు ఆయనకే పంపేవాడు. లార్సన్ జీవితం మీద మిరాండా తీసిన సినిమాలో సోండ్‌హైమ్ పాత్ర ఫోన్లో వదిలే సందేశం ఒకటుంది. రాసినదాన్ని చూసి, నేను ఇలా మాట్లాడను అని ఆయన దాన్ని తిరగరాసి, గొంతు కూడా తానే ఇచ్చాడు. అప్పటికి తొంభై దాటాయి. పాత్ర నోట ఏ మాట పలకాలో చూడటం ఆయన తన విషయంలో కూడా వదల్లేదు.

హ్యామర్‌స్టైన్ 1960లో క్యాన్సర్‌తో పోయాడు. పోబోతున్నానని తెలిసి, ఆప్తులను పిలిచి తన ఫొటోలు పంచాడు. సోండ్‌హైమ్ తన ఫొటో మీద ఏమైనా రాసిమ్మని అడిగాడు. తండ్రిని అడిగినట్టుందని బిడియపడ్డాడు కూడా. ఆ పెద్దాయన ఒక క్షణం ఆలోచించి, నా స్నేహితుడూ గురువూ అయిన స్టీవీకి అని రాసి సంతకం చేశాడు. శిష్యుణ్ణి గురువు అన్నాడు. సోండ్‌హైమ్ చివరిదాకా ఈ సంగతి చెబుతుంటే గొంతు పూడుకుపోయేది.

ఎనిమిది టోనీలు, ఒక ఆస్కార్, ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి, 2015లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా పతకం, బ్రాడ్‌వేలో తన పేర ఒక థియేటర్. ఇవన్నీ ఉన్నాయి. 2021 నవంబరులో, 91వ ఏట, ఒక బుధవారం మధ్యాహ్నం ఒక నాటకం, రాత్రి మరొకటి చూశాడు. రెండూ ఇతరులవే. మర్నాడు థ్యాంక్స్‌గివింగ్ పండగ, కనెక్టికట్‌లోని రాక్స్‌బరీలో స్నేహితులతో భోజనం చేశాడు. శుక్రవారం తెల్లవారుజామున పోయాడు.

ఆ ఆదివారం టైమ్స్ స్క్వేర్‌లో బ్రాడ్‌వే నటీనటులు గుంపుగా చేరారు. తేదీ నవంబరు 28. నలభై ఏళ్ళ కిందట ‘మెరిలీ’ మూతపడిన తేదీ. మిరాండా సోండ్‌హైమ్ పుస్తకంలోంచి ఒక భాగం చదివాడు. ఆ తర్వాత అందరూ, పెద్ద తారలూ కోరస్ పిల్లలూ పక్కపక్కన నిలబడి, ‘సండే’ అందుకున్నారు. నాటకంలో పాడినవాళ్ళు జార్జ్ జరిపిన చోట నిలబడి కదలకుండా ముగిస్తారు. ఇక్కడ పాడినవాళ్ళు కళ్ళు తుడుచుకుని చెదిరారు. ఆదివారం కనుక చాలామందికి మధ్యాహ్నం ఆట ఉంది.